ఒకే మాత్ర, రెండు చట్టాలు

నిద్ర పట్టని వృద్ధునికి వైద్యుడు రాసియిచ్చే ఆల్ప్రాజోలం మాత్రల స్ట్రిప్పును తిప్పి చూస్తే ఒక మూల ఎర్రని అక్షరాలు కనిపిస్తాయి: ఎన్ఆర్ఎక్స్. మాత్రలో ఉన్న అసలు మందు అర మిల్లీగ్రాము మాత్రమే. మిగిలినదంతా దానికి రూపమిచ్చే పిండిపదార్థం. ఆ ఎర్ర అక్షరాలను పట్టించుకొనేవారు అరుదు. ఆ చిన్న మాత్ర ఏకకాలంలో రెండు చట్టాల అధీనంలో ఉన్నదని తెలిపే గుర్తు అది.

మొదటిది 1940 నాటి ఔషధాల, సౌందర్య సాధనాల చట్టం. దుకాణదారుకు లైసెన్సు ఉండాలనీ, వైద్యుని చీటీ చూసి మందు ఇవ్వాలనీ చెప్పేది ఇదే. 2014 మార్చి 1 నుంచి అమలైన హెచ్-1 షెడ్యూల్ ప్రకారం ఆల్ప్రాజోలం, డయాజిపామ్, కోడీన్, ట్రమడాల్ వంటి మందులను అమ్మినప్పుడు వైద్యుని పేరు, చిరునామా, రోగి పేరు, మందు పరిమాణం వేరే రిజిస్టరులో రాసి మూడేళ్ళు భద్రపరచాలి. లెక్కలు సరిగా ఉంచకపోతే ఏడాది వరకు జైలు, లేదా 20,000 రూపాయలకు తగ్గని జరిమానా, లేదా రెండూ. లైసెన్సే లేకుండా అమ్మితే మూడు నుంచి ఐదేళ్ళ వరకు శిక్ష.

రెండవది 1985 నవంబరు 14న అమలులోకి వచ్చిన మాదకద్రవ్యాల, మనోప్రభావిత పదార్థాల చట్టం. పత్రికలలో ఎన్.డి.పి.ఎస్. అనే పొడి అక్షరాలతో కనిపించేది ఇదే. అంతకుముందు అమలులో ఉన్న 1930 నాటి ప్రమాదకర ఔషధాల చట్టంలో గరిష్ఠ శిక్ష మూడేళ్ళు, మళ్ళీ పట్టుబడితే నాలుగేళ్ళు. కొత్త చట్టం ఒక్క అంగలో పదేళ్ళ కనీస శిక్షకు వెళ్ళింది. వీధి చివర పొట్లం అమ్మినవాడికీ, లారీలకొద్దీ తరలించినవాడికీ ఇంచుమించు ఒకే కొలబద్ద! ఆ అన్యాయాన్ని గుర్తించి 2001లో చట్టాన్ని సవరించారు. శిక్షను సరుకు తూకంతో ముడిపెట్టారు. స్వల్ప పరిమాణమైతే ఇప్పుడు ఏడాది వరకు జైలు. వాణిజ్య పరిమాణం దాటితే పది నుంచి ఇరవై ఏళ్ళ కఠిన కారాగారం, లక్ష నుంచి రెండు లక్షల రూపాయల జరిమానా. ఈ రెంటికీ నడుమ ఉన్నదానికి పదేళ్ళ వరకు.

ఆల్ప్రాజోలానికి ఐదు గ్రాముల లోపు స్వల్పం, వంద గ్రాములు దాటితే వాణిజ్యం. ట్రమడాల్‌ను 2018 ఏప్రిల్‌లో ఈ చట్టం కిందికి తెచ్చినప్పుడు దాని వాణిజ్య పరిమాణాన్ని 250 గ్రాములుగా నిర్ణయించారు. కోడీన్‌కు అది ఒక కిలో. ఇంతవరకు తిరకాసు ఏమీ లేదు. కాని తూచవలసినది దేనిని? మందునా, మాత్రనా?

2008లో సుప్రీంకోర్టు ముందుకు వచ్చిన ఒక కేసులో పట్టుబడిన పొడి నాలుగు కిలోలకు పైన ఉన్నది. పరీక్షించి చూస్తే అందులో హెరాయిన్ దాదాపు 60 గ్రాములే. హెరాయిన్ వాణిజ్య పరిమాణం 250 గ్రాములు. అసలు మత్తుపదార్థాన్నే లెక్కించాలని ధర్మాసనం తేల్చి శిక్షను తగ్గించింది. మరుసటి సంవత్సరం నవంబరులో కేంద్రప్రభుత్వం మొత్తం మిశ్రమాన్నే తూచాలని నోటిఫికేషన్ ఇచ్చింది. వివాదం పెరిగి పెరిగి 2020 ఏప్రిల్ 22న ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం ముందు తెగింది. కలిపిన పదార్థంతో సహా మొత్తం బరువే లెక్కకు వస్తుందని ఆ తీర్పు.

వీధిలో అమ్మే మత్తుమందు కల్తీ సరుకే కనుక, కల్తీ చేసినవాడు ఆ కల్తీనే సాకుగా చూపి తప్పించుకోరాదన్న వాదంలో బలం లేకపోలేదు. అయితే మాత్ర కల్తీ సరుకు కాదు. కర్మాగారంలో ఆ రూపంలోనే తయారైనది. మాత్ర బరువు వంద మిల్లీగ్రాములనుకొందాం. అసలు మందును తూచితే వంద గ్రాములకు రెండు లక్షల మాత్రలు కావాలి. మాత్రనే తూచితే వెయ్యి చాలు. దగ్గు మందులోనూ అంతే. ఐదు మిల్లీలీటర్లకు పది మిల్లీగ్రాముల చొప్పున వంద మిల్లీలీటర్ల సీసాలో కోడీన్ ఫాస్ఫేట్ 200 మిల్లీగ్రాములు ఉంటుంది. ఒక లెక్కన కిలోకు ఐదు వేల సీసాలు, రెండో లెక్కన సుమారు పది. ఈ గణితం మీద ఒక మనిషి యౌవనమంతా ఆధారపడుతుంది. వాణిజ్య పరిమాణమైతే 37వ సెక్షన్ అడ్డుగా నిలుస్తుంది: ముద్దాయి నిర్దోషి అని నమ్మడానికి తగిన కారణాలున్నాయని కోర్టుకు తోచితే తప్ప, ప్రభుత్వ న్యాయవాది వ్యతిరేకించిన కేసులో బెయిలు రాదు. విచారణ ఎన్నేళ్ళకు ముగుస్తుందో ఎవరికి తెలుసు?

కోడీన్ విషయంలో చట్టమే ఒక వెసులుబాటు ఉంచింది. మోతాదుకు వంద మిల్లీగ్రాములు, గాఢత రెండున్నర శాతం మించకుండా, వైద్యంలో వాడుకలో ఉన్న మందులకు మినహాయింపు ఉన్నది. దొంగరవాణాదారులు ఈ వాక్యాన్నే ఆశ్రయించారు. అస్సాంలో మూడు వందలకు పైగా పెట్టెల దగ్గుమందు పట్టుబడిన కేసులో 2012లో సుప్రీంకోర్టు, అంత సరుకు వైద్యానికే పోతున్నదని చూపే కాగితమేదని అడిగి బెయిలు నిరాకరించింది. బంగ్లాదేశ్ సరిహద్దు వెంబడి ఆ సీసాలను మత్తు కోసమే కొంటారని అందరికీ తెలిసినదే.

తెలుగునాట ఈ మాట దగ్గు మందుతో గాక కల్లుతో ముడిపడింది. తెలంగాణలో కల్లు మత్తెక్కడానికి ఆల్ప్రాజోలం పొడి కలపడం పాత జాడ్యం. 2025 జూలైలో హైదరాబాదులోని కూకట్‌పల్లి ప్రాంతంలో కల్తీకల్లు తాగి పలువురు మరణించారు. మిశ్రమం మొత్తాన్నీ తూచాలన్న తర్కాన్ని చివరిదాకా లాగితే కల్లుకుండ కూడా తక్కెడలోకి ఎక్కాలి!

మరి నిజంగా జబ్బుపడినవాడి మాటేమిటి? అతనిని నియమాలు మరచిపోలేదు. వైద్యానికి సొంతంగా వాడుకొనే మనోప్రభావిత ఔషధాలను ఒకసారికి వంద మోతాదుల వరకు ఉంచుకోవచ్చునని 66వ నియమం అనుమతిస్తున్నది. దీర్ఘకాల చికిత్స కోసం వైద్యుడు ప్రత్యేకంగా రాసియిస్తే మూడు వందల వరకు. దూరప్రయాణం చేసే రోగి చీటీని మందుల సంచీలోనే ఉంచుకొంటే తనిఖీలో చిక్కులు తగ్గుతాయి. వ్యసనానికి లోబడి, కొద్దిపాటి మందుతోనో, వాడుతూనో పట్టుబడినవాడు స్వచ్ఛందంగా చికిత్సకు ముందుకు వస్తే 64-ఎ సెక్షన్ ప్రకారం ప్రాసిక్యూషన్ నుంచి రక్షణ దొరుకుతుంది. చికిత్సను పూర్తిచేయకుండా మానివేస్తే ఆ రక్షణను వెనక్కు తీసుకొనే అధికారమూ అదే సెక్షన్‌లో ఉన్నది.