ఆశా అక్క నడుము కొలత ఎందుకు తీసుకుంటుంది?

30 ఏళ్లు దాటిన వారికి ఉచిత క్యాన్సర్ పరీక్షలు – లబ్ధిదారులు తెలుసుకోవాల్సిన విషయాలు

మీ ఇంటికి ఆశా కార్యకర్త వస్తుంది. ఒక ఫారం తీసి వయసెంత, పొగాకు అలవాటుందా, ఇంట్లో ఎవరికైనా షుగర్ ఉందా అని అడుగుతుంది. తర్వాత టేపు తీసి "నడుము కొలుస్తా, నిలబడు అక్కా" అంటుంది. చాలామంది ఇక్కడే వెనక్కి తగ్గుతారు. "నాకేం రోగం లేదు, పక్కింటికి పో" అని పంపించేస్తారు. కొందరికి సిగ్గు. కొందరికి తమ లావు గురించి నలుగురిలో మాట వస్తుందేమోనని బాధ.

ఆ టేపును పంపించేస్తే మీరు పోగొట్టుకునేది ఒక కొలత మాత్రమే కాదు. దాని వెనకాల మీకు ఉచితంగా రావాల్సిన బీపీ, షుగర్, నోటి క్యాన్సర్, రొమ్ము క్యాన్సర్, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ పరీక్షలు ఉన్నాయి. అందుకే ఈ వివరాలు పూర్తిగా చదవండి. చదవడం రానివాళ్లు ఇంట్లో ఉంటే చదివి వినిపించండి.

నడుముకూ క్యాన్సర్‌కూ ఏం సంబంధం?

పొట్ట చుట్టూ చేరే కొవ్వు ఊరికే ఉండదు. శరీరంలో మూడు రకాలుగా పని చేస్తుంది.

1. ముట్టు ఆగిపోయిన తర్వాత కూడా ఈ కొవ్వు ఈస్ట్రోజెన్ అనే హార్మోన్‌ను తయారు చేస్తూనే ఉంటుంది. అది ఎక్కువైతే రొమ్ములో, గర్భసంచి లోపలి పొరలో కణాలు అదుపు తప్పి పెరిగే అవకాశం ఉంటుంది.
2. రక్తంలో ఇన్సులిన్ పెరుగుతుంది. ఇన్సులిన్ ఎక్కువగా ఉంటే కణాలు త్వరగా పెరుగుతాయి.
3. శరీరం లోపల సన్నని వాపు ఏళ్ల తరబడి ఉంటుంది. పైకి కనిపించదు, నొప్పీ ఉండదు. కానీ కణాలను దెబ్బతీస్తుంది.

ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం 2016లో ఈ విషయాన్ని పరిశీలించి, అధిక కొవ్వుతో 13 రకాల క్యాన్సర్లకు సంబంధం ఉందని తేల్చింది. ముట్టు ఆగిన తర్వాత వచ్చే రొమ్ము క్యాన్సర్, గర్భసంచి, అండాశయం, పెద్దపేగు, కాలేయం, పిత్తాశయం, క్లోమం, కిడ్నీ, థైరాయిడ్ క్యాన్సర్లు అందులో ఉన్నాయి.

దీనర్థం లావుగా ఉన్నవాళ్లందరికీ క్యాన్సర్ వస్తుందని కాదు. సన్నగా ఉంటే రాదని కూడా కాదు. నోటి క్యాన్సర్‌కు పొగాకు, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌కు హెచ్‌పీవీ అనే వైరస్ ముఖ్య కారణాలు. వాటికి లావుతో పని లేదు. నడుము పెరిగితే పైన చెప్పిన క్యాన్సర్ల ముప్పు పెరుగుతుంది, అంతే. కానీ ఇది మనం కొంతైనా తగ్గించుకోగల ముప్పు.

"లావు డబ్బున్నవాళ్ల జబ్బు కదా?"

ఒకప్పుడు అలా అనుకునేవాళ్లు. 2019–21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 15 నుంచి 49 ఏళ్ల మహిళల్లో దాదాపు 30 శాతం మంది బరువు ఎక్కువగా ఉన్నారు. మగవాళ్లలో అది 32 శాతం.

కూలి చేసుకునే ఇంట్లో కూడా ఇది ఎందుకు వస్తోంది? మన రోజును ఒకసారి చూసుకుందాం. నిజామాబాద్, జగిత్యాల వైపు బీడీలు చుట్టే అక్కలు పొద్దంతా చాట ముందు కూర్చునే ఉంటారు. కుట్టు మిషన్ మీద పనిచేసేవాళ్లదీ అదే తీరు. తక్కువ డబ్బుతో కడుపు నింపేది అన్నమే. కూర కొంచెం, అన్నం ఎక్కువ. మధ్యలో చక్కెర ఎక్కువ వేసిన చాయ్, దానితో బిస్కెట్, సాయంత్రం మిర్చి బజ్జీ. పట్నం బస్తీల్లో నడవడానికి జాగా ఉండదు, చీకటి పడితే ఆడవాళ్లు బయటికి పోవడానికి భయం. కాబట్టి ఇది ఎవరి బద్ధకమూ కాదు. పని అట్లాంటిది, తిండి అట్లాంటిది.

ఫారంలో మార్కులు ఎలా వేస్తారు?

ఆశా నింపే ఫారంలో ప్రతి జవాబుకు మార్కులుంటాయి. నడుము కొలతకు ఇలా:

• మహిళలకు: 80 సెం.మీ. వరకు 0. 81 నుంచి 90 వరకు 1. 90 దాటితే 2.
• మగవాళ్లకు: 90 సెం.మీ. వరకు 0. 91 నుంచి 100 వరకు 1. 100 దాటితే 2.

దర్జీ టేపు లెక్కలో 80 సెం.మీ. అంటే సుమారు ముప్పై ఒకటిన్నర అంగుళాలు, 90 అంటే ముప్పై ఐదున్నర అంగుళాలకు కాస్త తక్కువ.

ఉదాహరణకు 46 ఏళ్ల అక్క ఒకరు ఉన్నారనుకోండి. వయసుకు 2. పొగాకు, కల్లు, మందు లేవు కాబట్టి 0. నడుము 92 సెం.మీ., దానికి 2. వారానికి 150 నిమిషాల శారీరక శ్రమ లేదు, దానికి 1. తల్లికి షుగర్ ఉంది, దానికి 2. మొత్తం 7.

మొత్తం 4 దాటితే ఆ మనిషిని ముందుగా పరీక్షకు పంపాలి. 4 లోపు వచ్చినా 30 ఏళ్లు దాటిన ప్రతి ఒక్కరికీ పరీక్షలు చేస్తారు. ఎక్కువ మార్కులొస్తే మీకు జబ్బు ఉందని అర్థం కాదు. మీరు ఆలస్యం చేయకుండా పోవాలని అర్థం.

కొలత సరిగ్గా రావాలంటే: నిటారుగా నిలబడండి. మామూలుగా ఊపిరి వదలండి, పొట్ట లోపలికి లాగొద్దు. కింది పక్కటెముకకూ తుంటి ఎముక పైభాగానికీ మధ్యలో టేపు పెట్టాలి. చీర కుచ్చిళ్ల మీద నుంచి కొలిస్తే తప్పు లెక్క వస్తుంది. బయట సిగ్గు అనిపిస్తే లోపలి గదిలో కొలవమని అడగండి.

ఏ పరీక్షలు? ఎక్కడ? ఎవరు చేస్తారు?

ఎక్కడ: మీ పల్లె దవాఖాన, బస్తీ దవాఖాన, ప్రాథమిక ఆరోగ్య కేంద్రం.
ఖర్చు: ఏమీ లేదు. ఈ పరీక్షలకు రేషన్ కార్డు కూడా అవసరం లేదు. ఆధార్, ఫోన్ నంబరు ఉంటే నమోదు తేలికవుతుంది.

• బీపీ, షుగర్: ఏడాదికోసారి.
• నోటి పరీక్ష: లైటు వేసి నోరు లోపల చూస్తారు. ఐదేళ్లకోసారి.
• రొమ్ము పరీక్ష: శిక్షణ పొందిన మహిళా సిబ్బంది చేతితో తాకి చూస్తారు. మిషన్ లేదు, సూది లేదు. ఐదేళ్లకోసారి.
• గర్భాశయ ముఖద్వార పరీక్ష: పలుచని ఎసిటిక్ యాసిడ్ ద్రావణం రాసి, తెల్ల మచ్చలు కనిపిస్తాయా అని చూస్తారు. కొద్ది నిమిషాల పని. ఐదేళ్లకోసారి. ముట్టు రోజుల్లో కాకుండా తర్వాత వెళ్లండి.

"ఆశాకు, ఏఎన్ఎమ్‌కు క్యాన్సర్ గురించి ఏం తెలుసు?"

ఈ మాట చాలా ఇళ్లలో వినిపిస్తుంది. పెద్ద డాక్టరు చూస్తేనే నమ్మకం అంటారు. దీనికి జవాబు ముంబై బస్తీల్లో దొరికింది.

టాటా మెమోరియల్ హాస్పిటల్ వాళ్లు 1998లో ముంబైలోని పేదల బస్తీల్లో ఒక పరిశోధన మొదలుపెట్టారు. 35 నుంచి 64 ఏళ్ల మహిళలు సుమారు లక్షన్నర మంది ఇందులో ఉన్నారు. పరీక్షలు చేసింది డాక్టర్లు కాదు. పదో తరగతి వరకు చదివిన ఆడవాళ్లను తీసుకుని, రొమ్మును ఎలా తాకి చూడాలి, ద్రావణం రాసి ఏం గమనించాలి అనేది నేర్పించారు. సగం బస్తీల్లో వాళ్లు రెండేళ్లకోసారి, నాలుగు విడతలుగా పరీక్షలు చేశారు. మిగతా సగం బస్తీల్లో క్యాన్సర్ గురించి అవగాహన మాత్రం కల్పించారు. తర్వాత రెండు వైపులా ఏం జరిగిందో ఏళ్ల తరబడి లెక్క రాశారు.

పరీక్షలు చేసిన బస్తీల్లో గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌తో చనిపోవడం 31 శాతం తగ్గింది. రొమ్ము క్యాన్సర్ ముదరకముందే దొరికింది. 50 ఏళ్లు దాటిన మహిళల్లో రొమ్ము క్యాన్సర్ మరణాలు దాదాపు 30 శాతం తగ్గాయి. 50 లోపు వారిలో మరణాల్లో అలాంటి తేడా రాలేదు. అంటే ముట్టు ఆగిన వయసులో, నడుము కొవ్వు వల్ల ముప్పు పెరిగే వయసులోనే ఈ చేతి పరీక్ష బాగా పనికొచ్చింది.

సరిగ్గా శిక్షణ ఇస్తే బస్తీ ఆడవాళ్లే బస్తీ ఆడవాళ్ల ప్రాణం కాపాడగలరని ఈ పరిశోధన చూపించింది. ఇప్పుడు మీ ఇంటికి వచ్చే ఆశాకు ఫారం నింపడం, కొలత తీసుకోవడం, గుర్తులు అడగడం నేర్పుతారు. ఏఎన్ఎమ్‌కు, స్టాఫ్ నర్సుకు పరీక్షలు నేర్పుతారు. వాళ్లు "ఇది క్యాన్సరే" అని తేల్చరు. అనుమానం ఉన్నవారిని వేరు చేసి డాక్టరు దగ్గరికి పంపుతారు. వాళ్ల పని అదే, అది వాళ్లకు వచ్చు.

ఈ గుర్తులుంటే ఆశా వచ్చేదాకా ఆగొద్దు

• రొమ్ములో గడ్డ, రొమ్ము ఆకారంలో మార్పు, చనుమొన నుంచి రక్తం కలిసిన ద్రవం
• ముట్టు ఆగిపోయాక మళ్లీ రక్తం కనిపించడం
• రెండు ముట్ల మధ్య రక్తస్రావం, భర్తతో కలిశాక రక్తస్రావం, వాసనతో తెల్లబట్ట
• నోట్లో రెండు వారాలైనా మానని పుండు, నోరు పూర్తిగా తెరవలేకపోవడం, గొంతు మారడం
• మలంలో రక్తం, కారణం లేకుండా బరువు తగ్గడం

రెండో గుర్తు గురించి ప్రత్యేకంగా చెప్పాలి. ముట్టు ఆగి ఏడాది దాటాక చుక్క రక్తం కనిపించినా "వేడి చేసింది" అని వదిలేయకండి. గర్భసంచి క్యాన్సర్ మొదట చూపించే గుర్తు చాలాసార్లు ఇదే. ఐదేళ్లకోసారి చేసే ముఖద్వార పరీక్ష గర్భసంచి లోపలి క్యాన్సర్‌ను చూడలేదు. కాబట్టి ఇక్కడ మీరు నోరు విప్పి చెప్పడమే పరీక్ష. గడ్డ నొప్పి లేదు కదా అని కూడా ఊరుకోవద్దు. రొమ్ము క్యాన్సర్ గడ్డ మొదట్లో చాలామందికి నొప్పి ఉండదు.

అనుమానం వస్తే తర్వాత ఏం చేయాలి?

1. దవాఖానలో రాసిచ్చిన రెఫరల్ చీటీ జాగ్రత్తగా పెట్టుకోండి. ఏరియా లేదా జిల్లా హాస్పిటల్‌లో స్కానింగ్, ముక్క పరీక్ష చేయిస్తారు. ముక్క తీస్తే క్యాన్సర్ పాకుతుందన్న మాట నిజం కాదు.
2. క్యాన్సర్ అని తేలితే ఆపరేషన్, కీమో, రేడియేషన్ చికిత్సలకు రాజీవ్ ఆరోగ్యశ్రీ వర్తిస్తుంది. 2023 డిసెంబర్ 9 నుంచి కుటుంబానికి ఏడాదికి 10 లక్షల రూపాయల వరకు పరిమితి ఉంది.
3. ఆహార భద్రత కార్డు, ఆధార్, రిపోర్టులన్నీ వెంట తీసుకెళ్లండి. హాస్పిటల్‌లో ఆరోగ్యమిత్ర డెస్క్ ఉంటుంది. మొదట అక్కడికే వెళ్లండి.
4. హైదరాబాద్ రెడ్ హిల్స్‌లోని ఎంఎన్‌జే క్యాన్సర్ హాస్పిటల్ సర్కారు దవాఖానే. అక్కడ కూడా చికిత్స దొరుకుతుంది.
5. పథకం కింద చికిత్సకు ఎవరైనా డబ్బు అడిగితే, లేదా ఎటు పోవాలో తెలియకపోతే 104కు ఫోన్ చేయండి.

నడుము తగ్గడానికి ఇంట్లో చేయగలిగినవి

• రేషన్ సన్నబియ్యం మానేయమని ఎవరూ అనరు. పళ్లెంలో సగం కూర, ఆకుకూర ఉండేలా చూసుకోండి. అన్నం తగ్గిన చోట పప్పు, శనగలు, పెసర్లు, గుడ్డు పెట్టండి. ఒక పూట జొన్న రొట్టె మంచిది.
• చాయ్‌లో చక్కెర ఒక్కసారే మానలేకపోతే వారం వారం కొంచెం తగ్గించండి.
• నెలకు ఇంట్లోకి ఎన్ని నూనె ప్యాకెట్లు వస్తున్నాయో లెక్కపెట్టండి. వచ్చే నెల ఒకటి తగ్గించి చూడండి. కాగిన నూనె మళ్లీ మళ్లీ కాచొద్దు.
• వారానికి 150 నిమిషాలు అంటే రోజుకు అరగంట చొప్పున ఐదు రోజులు. ఒకేసారి కుదరకపోతే పది నిమిషాల చొప్పున మూడుసార్లు వేగంగా నడవండి. కూర్చుని చేసే పనైతే గంటకోసారి లేచి నాలుగు అడుగులు వేయండి.
• పొగాకు, గుట్కా, మందు మానడం నడుముతో సంబంధం లేకుండా అందరికీ అవసరం.

నెల రోజుల్లో తేడా కనిపించకపోతే నిరాశ పడొద్దు. ఆరు నెలలకోసారి అదే టేపుతో కొలిచి, తేదీతో సహా క్యాలెండర్ మీద రాసుకోండి.

తరచుగా అడిగే ప్రశ్నలు

మగవాళ్లకు కూడా ఈ పరీక్షలు ఉన్నాయా? ఉన్నాయి. నడుము కొలత, బీపీ, షుగర్, నోటి పరీక్ష మగవాళ్లకూ చేస్తారు.

పోయినసారి ఏమీ లేదన్నారు. మళ్లీ ఎందుకు? పోయినసారి లేనిది తర్వాత రావచ్చు. అందుకే గడువు పెట్టారు. మధ్యలో గుర్తులు కనిపిస్తే గడువు చూడకుండా వెళ్లండి.

ఆశా మా ఇంటికి రాలేదు. ఏం చేయాలి? దగ్గర్లోని బస్తీ లేదా పల్లె దవాఖానకు మీరే వెళ్లి 30 దాటినవాళ్ల పరీక్షలు చేయమని అడగండి.

ఇంటికి వచ్చిన ఆశాను ఈసారి వెనక్కి పంపకండి. ఇంట్లో అత్తమ్మ ఉంటే ఆమెనూ పిలిచి కొలిపించండి. మనింటి ఆడవాళ్లు తమ ఒంటి సంగతి చివరన చెబుతారు. ఈ ఒక్క విషయంలో ముందే చెబితే ఇంటిల్లిపాదికీ మంచిది.