కుర్చీ ఆయనది... గడువు మనది!

నందిగామ, జగ్గయ్యపేట... అప్పటి కృష్ణా జిల్లా మెట్టలో, ఇప్పటి ఎన్టీఆర్ జిల్లాలో ఇరుగుపొరుగు ఊళ్లు. బస్సెక్కితే గంట ప్రయాణం కూడా ఉండదు. కానీ 2021లో ఈ రెండు ఊళ్లూ మున్సిపల్ ఓటు వేసింది ఇద్దరు వేర్వేరు ఎన్నికల కమిషనర్ల హయాంలో!

మార్చి 10న నందిగామ ఓటేసినప్పుడు రాష్ట్ర ఎన్నికల కమిషనర్ నిమ్మగడ్డ రమేశ్ కుమార్. నవంబర్ 15న జగ్గయ్యపేట ఓటేసేసరికి నీలం సాహ్ని. మధ్యలో, మార్చి 31న నిమ్మగడ్డ పదవీకాలం ముగిసింది.

ఇందులో వింతేముంది అంటారా? ఆ మార్చి 31 దాకా ఆయన ఉండాలా, వద్దా అని కోర్టుల్లో పెద్ద పోరాటమే నడిచింది మరి.

ఆయన్ని 2016లో ఐదేళ్లకు నియమించారు. 2020 మార్చి 15న కరోనా కారణంగా స్థానిక ఎన్నికలు వాయిదా వేశారు. ప్రభుత్వానికి అది నచ్చలేదు. ఏప్రిల్ 10న ఆర్డినెన్స్ వచ్చేసింది. కమిషనర్ పదవీకాలం ఇక మూడేళ్లే! అంటే ఆయన గడువు ఎప్పుడో దాటిపోయినట్టే. ఇది ఎన్నికల సంస్కరణ అని ప్రభుత్వం చెప్పింది. మర్నాడే రిటైర్డ్ జడ్జి కనగరాజ్‌ని ఆ కుర్చీలో కూర్చోబెట్టింది.

మన ఐటీ వాళ్ల భాషలో చెప్పాలంటే... ఐదేళ్ల ఆఫర్ లెటర్ ఇచ్చి, నాలుగేళ్లయ్యాక "అది మూడేళ్లదే, ఇక వెళ్లొచ్చు" అన్నట్టు.

కానీ ఈ ఆఫర్ లెటర్ వెనక రాజ్యాంగం ఉంది. 243కె అధికరణ ప్రకారం, నియమించాక కమిషనర్ సర్వీసు షరతుల్ని ఆయనకు నష్టం కలిగేలా మార్చకూడదు. తీసేయాలంటే హైకోర్టు జడ్జిని తొలగించే పద్ధతే పాటించాలి. మే 29న హైకోర్టు ఆర్డినెన్స్‌ని కొట్టేసింది. సుప్రీంకోర్టు స్టే ఇవ్వలేదు. ఆగస్టులో ఆయన మళ్లీ కుర్చీలోకి వచ్చారు.

ఇక్కడ ఇంకో సంగతి కూడా చూడాలి. తర్వాత కమిషనర్ అయిన నీలం సాహ్ని, ఆ ఆర్డినెన్స్ వచ్చిన రోజుల్లో ప్రభుత్వ ప్రధాన కార్యదర్శి. నియామకంలో చట్టపరంగా తప్పు లేదు. కానీ కుర్చీలోంచి దించడానికి ఇంత గట్టి తాళం వేసిన రాజ్యాంగం, ఎక్కించే పని మాత్రం దాదాపు ప్రభుత్వం చేతికే వదిలేసింది.

పార్టీ ఏదైనా, కమిషనర్ ఎవరైనా మనం అడగాల్సింది ఒకటే. రేపు మా వార్డులో పోలింగ్ ఆపాలన్నా, జరపాలన్నా... ఆ ఆఫీసర్ పై నుంచి వచ్చే ఫోన్‌కి భయపడకుండా నిర్ణయం తీసుకోగలరా? ఆ ధైర్యం ఇచ్చేది గడువే. అందుకే అది మనది.