పైన వాన, కింద వరద: కుంటాల, బొగత, ముత్యాలధార దారుల్లో నడిచేముందు

వానాకాలం మొదలైతే చాలు, ప్రతి ఫ్రెండ్స్ గ్రూపులో ఒకటే మెసేజ్: "వాటర్‌ఫాల్స్‌కి పోదాం, ఎవరెవరు వస్తున్నర్రా?" అందుకే ఈ ఎపిసోడ్‌లో ఉత్తర తెలంగాణ జలపాతాల గురించి, వాటి దాకా పోయే అడవి దారుల గురించి మాట్లాడుకుందాం. ఆదిలాబాద్ వైపు కుంటాల, పొచ్చెర, గాయత్రి ఉన్నాయి. ములుగు వైపు బొగత, ముత్యాలధార. ఫోటో ఎక్కడ బాగొస్తుందో చెప్పే వీడియోలు మస్తున్నాయి, అది నేను చెప్పను. ఆ నీళ్ళు ఎక్కడి నుంచి వస్తాయి, ఎంత టైంలో వస్తాయి, అది చెప్తా. ఎందుకంటే ఈ దారుల్లో ప్రాణం పోవడానికైనా, మిగలడానికైనా కారణం చాలాసార్లు అదే.

మనకు తెలిసిన నీళ్ళతో మొదలుపెడదాం. మన సాగర్ ఎడమ కాలువ ఉంది కదా. హుజూర్‌నగర్‌లో చుక్క వాన పడదు, ఎండ మాడ్చేస్తుంటుంది, అయినా కాలువ నిండుగా పారుతుంది. ఎందుకు? పైన డ్యామ్ దగ్గర వదిలారు కాబట్టి. మన తలమీద ఆకాశానికీ, మన ముందున్న నీళ్ళకీ సంబంధం లేదు. ఇది మన దగ్గర చిన్న పిల్లాడికి కూడా తెలుసు. జలపాతం కూడా అంతే. తేడా ఒక్కటే: కాలువకు గేటు ఉంటుంది, వదిలేముందు పేపర్లో వేస్తారు. అడవిలో వాగుకు గేటు లేదు, చెప్పేవాళ్ళూ లేరు.

ఇప్పుడు కుంటాల తీసుకోండి. నేరడిగొండ మండలంలో, కడెం నది మీద ఉంది. ఎత్తు 147 అడుగులు. కడెం అంటే గోదావరి ఉపనది, బోథ్ వైపు గుట్టల్లో పుట్టి వస్తుంది. మనం మెట్లు దిగి జలపాతం ముందు నిలబడి చూసేది ఆ నది ప్రయాణంలో ఒక చిన్న ముక్క. దాని వెనకాల గుట్టలు, పొలాలు, వాగులు ఎన్నో ఉన్నాయి, వాటన్నిటి మీద పడిన వాన ఈ ఒక్క చోట నుంచే దూకాలి. ఇదే కడెం మీద కింద ప్రాజెక్టు ఉంది. 2022 జూలైలో ఆ ప్రాజెక్టుకు దాదాపు 5 లక్షల క్యూసెక్కుల వరద వచ్చింది. గేట్ల మీది నుంచి కూడా నీళ్ళు దూకాయి, కింది ఊళ్ళను ఖాళీ చేయించారు. 5 లక్షలంటే ఎంతో అర్థం కావాలంటే, మన ఎడమ కాలువ నిండుగా పారితే సుమారు 11 వేల క్యూసెక్కులు. అలాంటి కాలువలు నలభై అయిదు పక్కపక్కన పెట్టుకోండి. కుంటాల దగ్గర అంత ఉండదు, కిందికి వచ్చేసరికి ఇంకా వాగులు కలుస్తాయి కాబట్టి. కానీ ఆ నది మూడ్ ఎలా మారుతుందో తెలిసింది కదా.

పెద్ద నది కన్నా చిన్న వాగుతోనే ఇంకా జాగ్రత్తగా ఉండాలి. పెద్ద నదికి నీళ్ళు దూరం నుంచి రావాలి, గంటలు పడుతుంది. గుట్ట మీద పుట్టిన చిన్న వాగు నిటారుగా, బండల మీదుగా దిగుతుంది. పైన గట్టిగా వాన పడితే అది కిందికి రావడానికి ఒక్కోసారి అరగంట కూడా పట్టదు. పైగా నెల కూడా మాట్లాడుతుంది. జూన్ వాన ఎండిపోయిన నేలలోకి ఇంకుతుంది. జూలై ఆఖరు, ఆగస్టు వచ్చేసరికి నేల తడిసి నిండిపోయి ఉంటుంది, ఇంక పడిన వాన పడినట్టే వాగులోకి జారుతుంది. అంటే అదే వానకు జూన్‌లో మోకాలి లోతు వచ్చిన వాగు ఆగస్టులో నడుం దాటొచ్చు. మా ఐటీ భాషలో చెప్పాలంటే క్యాష్ ఫుల్ అయిపోయింది, ప్రతి రిక్వెస్టూ నేరుగా సర్వర్ మీదే పడుతుంది.

ఇది థియరీ అనుకోకండి. 2023 జూలై 26న ములుగు జిల్లా వెంకటాపురం మండలంలో ముత్యాలధార చూడటానికి వెళ్ళిన దాదాపు 80 మంది అడవిలో చిక్కుకుపోయారు. వీరభద్రవరం నుంచి అడవిలో నడిచి పోవాలి, దారిలో వాగు దాటాలి. పోయేటప్పుడు దాటగలిగారు. తిరిగొచ్చేసరికి వాగు పొంగింది. ఫోన్ చేస్తే పోలీసులు చెప్పింది ఒకటే: వాగు దాటే ప్రయత్నం చేయొద్దు, ఎత్తైన చోటికి పోయి కూర్చోండి. రాత్రి వానలో ఎన్డీఆర్ఎఫ్ వాళ్ళు వెళ్ళి, తెల్లారేసరికి బయటకు తీసుకొచ్చారు. ఆ రాత్రి వాన ఎలాంటిదంటే, అదే జిల్లాలో లక్ష్మీదేవిపేట దగ్గర 24 గంటల్లో 649.8 మిల్లీమీటర్లు పడింది. రాష్ట్రం మొత్తానికి ఏడాది సగటే దాదాపు 900. అంటే ఏడాదిలో పడాల్సిన దాంట్లో మూడింట రెండొంతులకు పైనే ఒక్క రోజులో.

ఇక్కడ నేను పట్టుకున్న పాయింట్ ఏంటంటే, వాళ్ళు జలపాతం దగ్గర చిక్కుకోలేదు, తిరిగొచ్చే దారిలో చిక్కుకున్నారు. మనం ప్లాన్ చేసేటప్పుడు "జలపాతం దగ్గర జాగ్రత్త" అనుకుంటాం. అసలు అడగాల్సిన ప్రశ్న: దారిలో వాగు ఎన్నిసార్లు దాటాలి? ఊళ్ళో ఎవరినైనా అడిగితే చెప్తారు. ఒక్కసారి దాటాల్సి ఉన్నా, పైన వాన సూచన ఉంటే ఆ రోజు ఆ దారి మానేయండి. దాటేటప్పుడు ఒక రాయిని గుర్తు పెట్టుకోండి, దాని మీద నీళ్ళు ఎంతవరకు ఉన్నాయో ఫోన్లో ఫోటో తీయండి. అరగంటకోసారి ఒకరు వచ్చి చూడాలి. రాయి మునుగుతుంటే స్నానం, వంట, రీల్, అన్నీ ఆపేసి వెనక్కి రావాలి. తేట నీళ్ళు బురదగా మారడం, ఆకులూ పుల్లలూ కొట్టుకురావడం, శబ్దం పెరగడం, ఇవన్నీ అదే సంగతి చెప్తాయి. అప్పటికే పొంగితే దాటొద్దు, ఎత్తుకు ఎక్కి కూర్చోవాలి. ఒక రాత్రి ఆకలితో ఉంటే ఏం కాదు. పారే నీళ్ళ తోపుడు వేగంతో పాటు మామూలుగా పెరగదు: వేగం రెట్టింపైతే తోపుడు నాలుగు రెట్లు. వేగంగా పోయే నీళ్ళు అర అడుగున్నా నిలబడ్డ మనిషిని పడేస్తాయి.

ఇంక ఈత సంగతి. మన దగ్గర అందరం బాయిలో, కాలువలో ఈత నేర్చినోళ్ళమే, "నాకేం కాదురా" అనే ధైర్యం ఉంటది. బాయిలో నీళ్ళు కదలవు. జలపాతం కింద మడుగులో నీళ్ళు పైనుంచి పడి, అడుగుకు పోయి, మళ్ళీ పైకి లేచి, పడే చోటికే వెనక్కి తిరుగుతుంటాయి. మనం బయటకు ఈదుతుంటే అది లోపలికి గుంజుతుంది. దానికి తోడు నురుగు. నురుగంటే సగం గాలే, అది మనిషిని తేలనివ్వదు, చెయ్యి వేస్తే పట్టు దొరకదు. కుంటాలలో, పొచ్చెరలో మునిగి పోయినవాళ్ళలో ఈత వచ్చినవాళ్ళూ ఉన్నారు. పొచ్చెర చూడటానికి 20 మీటర్ల చిన్న జలపాతం, కుంటాల ముందు ఏముందిలే అనిపిస్తుంది, కానీ మడుగు లోతు పైకి కనపడదు. దిగొద్దని బోర్డు ఉన్న చోట వాదన అనవసరం.

మరి ఎప్పుడు పోవాలి? నా ఓటు అక్టోబర్ నుంచి డిసెంబర్. నీళ్ళుంటాయి, వాన తగ్గుతుంది, బండల మీద పాచి కొంచెం ఎండుతుంది, అడవి ఇంకా పచ్చగానే ఉంటుంది. తర్నం దగ్గర గాయత్రి జలపాతానికి పొలాలూ అడవీ దాటి నడిచి దిగాలి కాబట్టి దానికి ఇదే సరైన సీజన్. ఆ ప్రాంతంలో అసలైన దూరపు నడక మాత్రం గోండు మెస్రం వంశస్థులది. కేస్లాపూర్ నాగోబా జాతర కోసం వాళ్ళు చెప్పుల్లేకుండా జన్నారం మండలంలోని హస్తినమడుగు దాకా నడిచి, గోదావరి నీళ్ళు తెచ్చి, పుష్య అమావాస్య నాడు పూజ చేస్తారు. మనం షూ మీద నాలుగు వేలు పెట్టి రివ్యూ చదువుతుంటాం! ఆ నడక వాళ్ళ మొక్కు, మనకు ట్రెక్కింగ్ కాదు. దారిలో ఎదురైతే కెమెరా దించి పక్కకు జరగండి.

అడవి రూల్ కూడా ఒకటుంది. జన్నారం చుట్టుపక్కల కవ్వాల్ 2012 నుంచి పులుల అభయారణ్యం, గోదావరి పక్కన ఏటూరునాగారం కూడా అభయారణ్యమే. వీటి లోపల అటవీ శాఖ అనుమతి లేకుండా కాలిబాట పట్టడం 1972 వన్యప్రాణి చట్టం కింద నేరం. గూగుల్ మ్యాప్స్‌లో గీత కనిపించిందంటే అది పర్మిషన్ కాదు. వరద ఎక్కువున్నప్పుడు బొగత గేటు కూడా మూసేస్తారు. గేటు దాకా పోయి చూద్దాం అనుకోకుండా ముందు ఫోన్ చేసి కనుక్కోండి, ఎందుకంటే మనకు సూర్యాపేట, వరంగల్, ములుగు, ఏటూరునాగారం మీదుగా అది దాదాపు మూడొందల కిలోమీటర్లు.

ఫోన్లో ఏం పెట్టుకోవాలి? వాతావరణ శాఖ వాళ్ళ మౌసమ్ యాప్, పిడుగుల కోసం దామిని యాప్. మౌసమ్‌లో జలపాతం ఉన్న మండలం ఒక్కటే చూస్తే సరిపోదు, నది పైవైపున్న జిల్లా కూడా చూడాలి. బొగతకు, ముత్యాలధారకు అయితే ఛత్తీస్‌గఢ్ సరిహద్దు గుట్టల వైపు కూడా ఒక కన్నేయండి. ఆరెంజ్, రెడ్ ఉంటే ట్రిప్ క్యాన్సిల్. అడవిలో సిగ్నల్ పోతుంది కాబట్టి, బయలుదేరేముందే ఇంట్లో ఒకరికి మెసేజ్ పెట్టండి: ఏ దారి, ఎంతమంది, ఏ టైంకి తిరిగి రోడ్డెక్కుతాం. ఆ టైం దాటి గంటయినా ఫోన్ రాకపోతే 100కి చెప్పమనండి. తిరుగు నడక మధ్యాహ్నం రెండుకల్లా మొదలుపెట్టండి, మబ్బులు ఎక్కువగా కమ్మేది ఆ తర్వాతే. సరే మరి, ఉంటా.