పాలనీటిలో ఈదిన ఎలుక

ఒక పెద్ద తొట్టి. దానినిండ నీరు. అందు పాలు కలుపుటచే అడుగేమియు కానరాదు. నీటిమట్టమునకు కొంచెము క్రిందుగా ఒక చిన్న దిమ్మె దాగియున్నది. తొట్టిలో విడిచిన ఎలుకకు ఈత వచ్చును గాని నీటిలో నుండుట దానికిష్టము లేదు. ఈది ఈది తుదకు దిమ్మె నెక్కును. మరల విడిచినచో మునుపటికంటె శీఘ్రముగా చేరును. కొన్నిసార్లయిన పిమ్మట, ఏ ప్రక్కనుండి విడిచినను తిన్నగా అచ్చటికే పోవును. దిమ్మె కంటికి కనబడదు కదా! గదిలోని దూరపు గుర్తులనుబట్టి ఆ చోటును జ్ఞాపకముంచుకొనుచున్నదన్నమాట.

స్కాట్లండులోని సెయింట్ ఆండ్రూస్ విశ్వవిద్యాలయమున రిచర్డు మోరిస్ రూపొందించిన ఈ పరీక్ష 1981లో ప్రకటితమైనది. చూచుటకు పిల్లల ఆటవలెనే యుండును.

మెదడులోని ఒక నాడీకణము గ్లుటమేట్ అను రసాయనమును వెలువరింపగా, సన్నని సందున కావలనున్న కణముపై గ్రాహకములు దాని నందుకొనును. రసాయనము తాళపుచెవి, గ్రాహకము తాళము అని తరగతిలో చెప్పుట వాడుక. ఎన్.ఎం.డి.ఎ. గ్రాహకము విషయమున ఈ పోలిక చాలదు. దాని ద్వారమున మెగ్నీషియము అడ్డుపడి యుండును. తాళపుచెవి వచ్చినను తలుపు తెరచుకొనదు. ఆవలి కణము సైతము అదే సమయమున ఉత్తేజితమై యున్నప్పుడే ఆ అడ్డు తొలగి కాల్షియము లోనికి ప్రవేశించును. దానితో ఆ కణముల నడుమ బంధము గట్టిపడును. కలసి పనిచేసిన కణముల బంధము బలపడవలెనని కెనడా శాస్త్రజ్ఞుడు డొనాల్డు హెబ్ 1949లోనే ఊహించెను. అట్టి బలపాటును బ్లిస్, లోమో అనువారు కుందేళ్ల మెదడులో కనుగొని 1973లో ప్రకటించిరి. ఎ.పి.5 అను మందు ఈ గ్రాహకమును మూసి దానిని ఆపివేయునని 1983లో కాలింగ్రిడ్జి బృందము తెలిపెను.

సరే, కణములలో జరుగునదే జ్ఞాపకమని నమ్ముటెట్లు? 1986లో మోరిస్ బృందము ఎలుకల మెదడులోనికి ఆ మందును నెమ్మదిగా ఎక్కించి తొట్టిలో విడిచెను. అవి చక్కగా ఈదినవి. దిమ్మెయున్న చోటును నేర్చుటలో మాత్రము మిక్కిలి వెనుకబడినవి. కంటికి కనబడు భేదమునుబట్టి నేర్వవలసిన పనిలో అట్టి లోపము కానరాలేదు.

కథ ఇచ్చట ముగిసిన ఎంతో సులువుగా నుండెడిది. కాని 1995లో మోరిస్ ప్రయోగశాలయే మరియొక ఫలితమును ప్రకటించెను. ముందుగా వేరొక తొట్టిలో తరిఫీదు పొందిన ఎలుకలు, మందు ఎక్కించినను, క్రొత్త తొట్టిలో దిమ్మె చోటును నేర్వగలిగినవి! తన పేరు నిలిపిన వాదమునకే చిక్కు తెచ్చు ఫలితమును తానే అచ్చువేయుట, బహుమానములు పొందుటకంటె అరుదైన పని. బహుమానమును వచ్చినది: 2016లో బ్లిస్, కాలింగ్రిడ్జి, మోరిస్ ముగ్గురును 'బ్రెయిన్ ప్రైజు' పంచుకొనిరి.

చిక్కు కొంత విడినది 1999లో. అప్పుడు దిమ్మె చోటును దినదినము మార్చిరి. మందు ఎక్కిన ఎలుక, ఆనాటి చోటును ఒకసారి కనుగొన్న పిదప 15 సెకండ్లకే విడిచినచో నేరుగా పోయెను. 20 నిమిషములు ఆగి విడిచినచో, తొలిసారి వచ్చినట్లే వెదకులాడసాగెను.