ఇనుప నావ మరమ్మతు: ఓర్పు, పనుల వరుస

విస్సన్నపేట, నూజివీడు ప్రాంతముల మామిడి రైతులకు ఓర్పును గూర్చి వేరుగ జెప్ప బనిలేదు. అంటు నాటి నాలుగైదేండ్లు కాపునకై వేచియుండుట వారి కలవాటే. అయినను ఓర్పనగా ఊరక కూర్చుండుట కాదు. ఏ పని ముందో, ఏది వెనుకనో యెఱిగి నడచుట. ఇనుప నావలను బాగుచేయు పనిలో నీ సంగతి స్పష్టముగ గానవచ్చును.

విశాఖపట్టణపు సముద్రతీరమందలి ‘కుర్సుర’ జలాంతర్గామిని మనలో పెక్కురు చూచియుందురు. 1969 డిసెంబరులో నౌకాదళమున జేరి, 2001 ఫిబ్రవరిలో విరమించిన యా నౌకను ఒడ్డున కెక్కించి, 2002 ఆగస్టులో ప్రజల దర్శనార్థము తెఱచిరి. అంతటితో పని తీరలేదు. ఉప్పుగాలి రేయింబవళ్లు ఉక్కును దినుచుండును; కావున తుప్పు గోకి రంగు వేయుట యెప్పటికప్పుడు జరుగవలసినదే.

ఇట్టి పనికి వరుస కలదు. మొదట రేకు నంతటను సుత్తితో దట్టి చూడవలెను. గట్టి రేకు ఖంగుమనును. తుప్పు దిన్నచోట మూగధ్వని వచ్చును. అచ్చట సుద్దతో గుర్తిడవలెను. పిదప లోపలి చెక్కలను, తీగలను తొలగింపవలెను. లేనిచో వెల్డింగు నిప్పురవ్వలకు అవి యంటుకొనును. తరువాత చెడిన రేకు గోసి క్రొత్తది యతికింపవలెను. ఆ మీదట తుప్పును లోహము మెరయువఱకు గోకి, నాడే మొదటి పూత వేయవలెను. ఒక్క రాత్రి విడిచినను తేమకు మరల తుప్పు పుట్టును. ఒక పూత యారినగాని మఱియొకటి కూడదు. తొందరపడి ముందే రంగు వేసినచో, వెల్డింగు వేడికి రేకు వెనుకవైపు రంగు సయితము మాడిపోవును; ఖర్చు రెండింతలగును.

మన ట్రాక్టరు తొట్టులకును ఈ నియమమే చెల్లును. కోత దగ్గఱపడిన పిమ్మట తుప్పు మీదనే రంగు పూయించువారు కలరు. అట్టి రంగు తొలి వానలకే పెచ్చులూడును. అడుగురేకు చిల్లులుపడి, కాయల బరువునకు నడిత్రోవలో విరిగిన నష్టము రైతుదే. కావున కోత ముగిసినతోడనే తొట్టిని కడిగి గుర్తులిడుడు. వానకాలమున రేకు, రంగు సమకూర్చుకొనుడు. శీతకాలపు పొడిదినములలో, మంచు తడి యారిన పిదప పని సాగింపుడు. ఫాల్గుణమునకు బండి సిద్ధముగ నుండును.

ప్రతి పనిని, దానికి ముందు ముగియవలసిన దానిని, తేదీని, ఖర్చును ఒక కాగితముపై వ్రాసికొనుడు. నలుగురు సభ్యులు కలసి వెల్డరు నొక్కసారే పిలిపించినచో కూలి కలసివచ్చును.