రోజుకు రెండు దీనార్లు, రోజుకు ఐదొందల బాట్లు

ఆత్మకూరు బస్టాండు దగ్గర జిరాక్స్ షాపులో ఒకామె పాలిథిన్ కవరులోంచి నాలుగు మడతల కాగితం తీసి నా ముందు పెట్టింది. మర్రిపాడు వైపు పల్లె ఆమెది. "అన్నా, ఇది ఇరవయ్యో పద్దెనిమిదో చూసి చెప్పన్నా. ఏజెంటేమో పద్దెనిమిదే అన్నాడు. మా చెల్లెలు ఆడ్నించి ఫోన్ చేసి, ఎవురికన్నా చూపించుకోక్కా అనింది."

అది కువైట్ వీసా. రాత అరబ్బీ, అంకెలూ అరబ్బీవే. ఆ లిపిలో సున్నా అంటే ఒక చుక్క. ఎనిమిది అంటే పూరిల్లు పైకప్పు గీసినట్టుండే గుర్తు. పద్దెనిమిదైతే నిలువు గీత, పక్కన పైకప్పు కనబడాలి. ఆమె కాగితంలో కొక్కెంలాంటి గీత, పక్కన చుక్క ఉన్నాయి. ఇరవై.

కువైట్‌లో దాదాపు పది లక్షల మంది భారతీయులున్నారు. వాళ్లలో కూలి పనికి వెళ్లినవాళ్ల బతుకు చాలావరకు ఆ అంకెను బట్టే నడుస్తుంది. మనవాళ్లు 'మాద్దా' అంటుంటారే, అది కువైట్ నివాస చట్టంలోని సెక్షన్ నంబరు. 20వ మాద్దా అంటే ఇంటి పని: వంట, పిల్లల్ని చూడడం, ఇంటి డ్రైవరు, తోట పని. 18వ మాద్దా అంటే కంపెనీ పని. 20 మీద వెళ్లిన మనిషి తన వీసా తీసిన కఫీల్ ఇంట్లోనే పనిచేయాలి. పక్కింట్లో గంటసేపు గిన్నెలు తోమినా చట్టం లెక్కలో అది తప్పే. "ఫ్రీ వీసా, ఆడికి పోయి ఎక్కడన్నా చేసుకోవచ్చు" అని ఏజెంట్లు చెప్పే మాటకు కువైట్ చట్టంలో చోటు లేదు. ఇరవై నుంచి పద్దెనిమిదికి మారే వీలు 2024లో ఒకసారి ఇచ్చారు. అదీ జూలై 14 నుంచి సెప్టెంబరు 12 వరకే. వచ్చాక మార్పిస్తామని ఏజెంటు అంటే, ఆ తలుపు ఎప్పుడు తీస్తారో ఎప్పుడు మూస్తారో అతని చేతిలో లేదని గుర్తు పెట్టుకోవాలి.

ఉదయగిరి, ఆత్మకూరు వైపు ఊళ్లలో ఈ కాగితం కొత్త వస్తువేమీ కాదు. నెల్లూరు అనగానే అందరికీ పెన్న కింద వరి మళ్లు గుర్తొస్తాయి. ఇటు పడమరకు వచ్చే కొద్దీ నేల మారుతుంది. సోమశిల జలాశయం అనంతసాగరం పక్కనే ఉన్నా, ఉదయగిరి, దుత్తలూరు, సీతారామపురం, వరికుంటపాడు మండలాల రైతు వానను, బోరును నమ్ముకోవాల్సిందే. వెలిగొండలు దాటితే కడప జిల్లా, అదీ కువైట్ దారి పట్టిన నేలే. బోరు ఎండిన ఏడాది ఈ ఇళ్లలో ముందుగా బయటికి తీసేది పాస్‌పోర్టు. ఉదయగిరి నుంచి నెల్లూరికే దాదాపు 100 కిలోమీటర్లు. అక్కడ ఎవరిని అడగాలో తెలియని మనిషికి ఊళ్లోకి వచ్చే సబ్ ఏజెంటే ప్రభుత్వం, అతని మాటే చట్టం. అందుకే ఈ అంకెలన్నీ ఒక్క చోట చెప్పాలనిపించింది.

బయలుదేరకముందు లెక్క ఇది. పదో తరగతి పాస్ కానివాళ్ల పాస్‌పోర్టు మీద 'ఈసీఆర్' అని ఉంటుంది. 1983 నాటి వలసల చట్టం ప్రకారం ఆ పాస్‌పోర్టుతో 18 దేశాలకు పనికి వెళ్లాలంటే ముందుగా వలస అనుమతి తీసుకోవాలి. ఆరు గల్ఫ్ దేశాలు, మలేసియా, ఇరాక్, జోర్డాన్ వగైరా ఆ జాబితాలో ఉన్నాయి. చాలామందికి తెలియని ఇంకో పేరు కూడా ఉంది: థాయ్‌లాండ్. దాని సంగతి తర్వాత చెబుతాను.

లైసెన్సు ఉన్న ఏజెంటు సర్వీసు చార్జీ కింద 30,000 రూపాయలకు మించి తీసుకోకూడదు. దాని మీద 18 శాతం జీఎస్టీ కలిపితే 35,400. అంతకు మించి అడిగితే, రసీదు ఇవ్వకపోతే, అతను చట్టం బయట నిలబడి మాట్లాడుతున్నట్టే. ఏజెంటుకు లైసెన్సు ఉందో లేదో ఈ-మైగ్రేట్ వెబ్‌సైటులో పేరు కొడితే తెలిసిపోతుంది. ఈసీఆర్ పాస్‌పోర్టున్న ఆడవాళ్లు ఇంటి పనికి వెళ్లాలంటే 30 ఏళ్లు నిండి ఉండాలి. వాళ్లను ప్రైవేటు ఏజెంటు పంపడానికి వీల్లేదు, ప్రభుత్వ సంస్థల ద్వారానే వెళ్లాలి. ఆంధ్రప్రదేశ్‌లో అది ఓంక్యాప్. ప్రవాసీ భారతీయ బీమా యోజన ప్రీమియం రెండేళ్లకు 275 రూపాయలు, మూడేళ్లకు 375. ప్రమాదంలో మనిషి పోతే ఇంటికి వచ్చేది 10 లక్షలు.

275 రూపాయలకు 10 లక్షల బీమా. ఇంత చౌకైన రక్షణ పల్లెలో మరొకటి దొరకదు. అయినా చాలా ఇళ్లకు ఇది అందదు. కారణం సబ్ ఏజెంటు పంపే దారి. అనుమతి బాధ లేకుండా ఉండాలని విజిట్ వీసా మీద దుబాయికో మస్కట్‌కో ఎక్కిస్తారు, అక్కడి నుంచి కువైట్‌కు దాటిస్తారు. అలా వెళ్లిన మనిషి మన ప్రభుత్వ రికార్డులో కూలికి వెళ్లినట్టే ఉండదు. బీమా ఉండదు, ఒప్పందం కాగితం ఉండదు, జీతం ఎంతన్నది నోటి మాటే. ఏజెంటు మిగిల్చుకునేది తన శ్రమ, పోయేది ఆ ఇంటి హక్కు. ఇది చూసినప్పుడల్లా నాకు కడుపు మండుతుంది.

ఇక అక్కడికి చేరాక. కువైట్‌లో ఇంటి పనివాళ్ల కోసం 2015లో 68వ నంబరు చట్టం వచ్చింది. రోజుకు 12 గంటలకు మించి పని చేయించకూడదు. వారానికి ఒక రోజు సెలవు. ఏడాదికి 30 రోజులు జీతంతో సెలవు. పని మానేసి వచ్చేటప్పుడు ఏడాదికి ఒక నెల జీతం లెక్కన ముట్టజెప్పాలి. జీతం ఆలస్యం చేస్తే నెలకు 10 దీనార్ల చొప్పున అదనంగా ఇవ్వాలి. మనిషి ఒప్పుకోకుండా పాస్‌పోర్టు దగ్గర పెట్టుకోకూడదు. కనీస జీతం 60 దీనార్లని 2016లో నిర్ణయించారు.

దీనారును 280 రూపాయలుగా వేసుకుందాం. 60 దీనార్లంటే 16,800. ఒప్పందంలో 120 రాసి ఉంటే 33,600. మనిషి నాలుగేళ్లు ఒకే ఇంట్లో చేసి 120 దీనార్ల మీద మానేస్తే, చివర్లో రావాల్సింది 480 దీనార్లు, అంటే 1,34,400 రూపాయలు. ఈ చివరి లెక్క అడగకుండా, అసలు ఉందని కూడా తెలియకుండా, విమానం ఎక్కి వచ్చేసినవాళ్లు మన ఊళ్లలో ఎంతమందో. కఫీల్ ఇచ్చిన సెంటు సీసా, దుప్పటి తీసుకుని దండం పెట్టి వచ్చేస్తారు.

జీతం కంటే ముందు తెలుసుకోవాల్సింది అకామా గడువు తేదీ. అకామా అంటే నివాస అనుమతి. దాన్ని రెన్యూవల్ చేయించాల్సింది కఫీల్, చేయించకపోతే నేరం పడేది మాత్రం పనిమనిషి మీద. కువైట్ కొత్త నివాస చట్టం, అంటే 2024లో వచ్చిన 114వ నంబరు డిక్రీ, 2025 జనవరి 5 నుంచి అమల్లో ఉంది. దాని ప్రకారం ఇంటి పనివాళ్లకు గడువు దాటిన ప్రతి రోజుకూ 2 దీనార్ల జరిమానా, గరిష్ఠంగా 600. రోజుకు 560 రూపాయల చొప్పున 300 రోజుల్లో 1,68,000 అవుతుంది. కంపెనీ వీసా వాళ్లకు మొదటి నెల రోజుకు 2, ఆ తర్వాత 4, గరిష్ఠం 1,200. విజిట్ వీసా మీద వెళ్లి ఉండిపోతే రోజుకు ఏకంగా 10 దీనార్లు, గరిష్ఠం 2,000. మన డబ్బుల్లో 5,60,000. విజిట్ వీసాతో పంపే ఏజెంటు ఈ మాట ఎందుకు చెప్పడో వేరే వివరించక్కర్లేదు.

దెబ్బలకో ఆకలికో తట్టుకోలేక ఇల్లు వదిలి బయటపడితే కఫీల్ పారిపోయినట్టు కేసు పెడతాడు. అకామా పోతుంది. ఆ రోజు నుంచి జరిమానా మొదలు. పోలీసులకు చిక్కితే వేలిముద్రలు తీసి వెనక్కి పంపేస్తారు, మళ్లీ కువైట్ గడప తొక్కనివ్వరు. అందుకని బయటపడ్డ మనిషి వెళ్లాల్సింది తెలిసినవాళ్ల గదికి కాదు, నేరుగా భారత రాయబార కార్యాలయానికి. రెండు దేశాల మధ్య ఇంటి పనివాళ్ల గురించి 2021 జూన్‌లో ఒప్పందం కూడా కుదిరింది. రాయబార కార్యాలయంలో ఫిర్యాదు నమోదైతే పారిపోయిన మనిషి కాస్తా ఫిర్యాదీ అవుతుంది. ఆ తేడా చాలా పెద్దది.

అప్పుడప్పుడు కువైట్ క్షమాభిక్ష ప్రకటిస్తుంది. 2018లో జనవరి 29న మొదలుపెట్టి ఏప్రిల్ 22 దాకా పొడిగించారు. 2024లో మార్చి 17 నుంచి జూన్ 30 దాకా సాగింది. 2020 ఏప్రిల్‌లో కూడా ఇచ్చారు, భారతీయులకు దక్కింది ఐదు రోజులు, 16 నుంచి 20 వరకు. అప్పటికే కరోనాతో మన దేశానికి విమానాలు ఆగిపోయాయి. పేరు రాయించుకున్నవాళ్లు శిబిరాల్లో రోజులు లెక్కపెట్టుకుంటూ ఉండిపోయారు. వచ్చే క్షమాభిక్ష ఎప్పుడో ఎవరికీ తెలియదు, దాన్ని నమ్ముకుని అకామా లేకుండా ఉండిపోవడం మాత్రం వద్దు.

సెలవుకు వచ్చేవాళ్లు గుర్తుంచుకోవాల్సిన అంకె ఇంకొకటి: 4 నెలలు. 20వ మాద్దా మీద ఉన్నవాళ్లు అంతకు మించి కువైట్ బయట ఉంటే, కఫీల్ ముందుగా అనుమతి తీసుకోకపోయినట్టయితే, అకామా రద్దవుతుంది. కూతురి పెళ్లి, కాన్పు, ఇంటి స్లాబు అంటూ ఆగిపోయి టికెట్ పోగొట్టుకున్నవాళ్లు ఉంటారు. 18వ మాద్దా వాళ్లకైతే 2025 జూలై 1 నుంచి కొత్త నిబంధన: దేశం దాటాలంటే యజమాని నుంచి ఆన్‌లైన్‌లో నిష్క్రమణ అనుమతి ఉండాలి. అమ్మకు సీరియస్ అని ఫోన్ వచ్చిన రాత్రి తిన్నగా ఎయిర్‌పోర్టుకు పరిగెత్తితే కుదరదు.

ఇప్పుడు థాయ్‌లాండ్. డిగ్రీ చదివి ఖాళీగా ఉన్న మెట్ట ప్రాంతం కుర్రాళ్లకు ఇప్పుడు ఫోన్లలో వచ్చే ఆఫర్లలో బ్యాంకాక్ పేరు ఎక్కువ. డేటా ఎంట్రీ, లక్ష జీతం, టికెట్ వాళ్లే ఇస్తారట. డిగ్రీ ఉంది కాబట్టి పాస్‌పోర్టులో ఈసీఆర్ ముద్ర ఉండదు, ఎవరూ ఆపరు. భారతీయులకు వీసా లేకుండా ఉండే గడువును థాయ్‌లాండ్ 2024 జూలై 15న 60 రోజులకు పెంచింది. ఈ గడువులు అక్కడి ప్రభుత్వం మారుస్తుంటుంది, టికెట్ కొనే రోజున మళ్లీ చూసుకోవాలి. గడువు ఎంతైనా అది తిరిగి చూడడానికి ఇచ్చింది, పనికి కాదు. వర్క్ పర్మిట్ లేకుండా పనిచేస్తే 5,000 నుంచి 50,000 బాట్ల జరిమానా, ఆపైన దేశం నుంచి పంపివేత. గడువు దాటి ఉంటే రోజుకు 500 బాట్లు, గరిష్ఠం 20,000. అంటే 40 రోజుల్లో మీటరు ఆగుతుంది, శిక్ష ఆగదు. తనంతట తాను లొంగిపోయినా 90 రోజులు దాటి ఉంటే ఏడాది పాటు రానివ్వరు. పోలీసులు పట్టుకుంటే, ఏడాది లోపు అయినా 5 ఏళ్ల నిషేధం, ఏడాది దాటితే 10 ఏళ్లు.

సక్రమంగా ఉద్యోగానికి వెళ్లినవాళ్లకూ లెక్కలున్నాయి. విదేశీయుడు దిగిన 24 గంటల్లో ఇంటి యజమాని ఇమ్మిగ్రేషన్‌కు తెలపాలి. ప్రతి 90 రోజులకూ మనం మన చిరునామా తెలపాలి. నేల కొనలేం, అపార్టుమెంటు భవనంలో అమ్మకానికున్న విస్తీర్ణంలో 49 శాతం వరకే విదేశీయులకు. ఒప్పంద పత్రంలో 2568 అని ఉంటే కంగారు పడొద్దు, వాళ్లది బుద్ధ శకం, అందులోంచి 543 తీసేస్తే మన 2025.

ఆ ఆఫర్ల కుర్రాళ్లలో చాలామంది బ్యాంకాక్‌లో ఆగనే ఆగరు. కారు ఎక్కించి వాయవ్యంగా మే సోట్ అనే సరిహద్దు ఊరికి తీసుకెళ్తారు. అక్కడ మోయి నది దాటితే మయన్మార్‌లోని మ్యావాడి. సైబర్ మోసాలు చేయించే కోటల్లాంటి కాంపౌండ్లు అక్కడే ఉన్నాయి. ఫోన్, పాస్‌పోర్టు లాక్కుంటారు. 2025 మార్చి 10, 11 తేదీల్లో భారత వాయుసేన విమానాల్లో మే సోట్ నుంచి తీసుకొచ్చినవాళ్లు 283, 266, మొత్తం 549 మంది. అందులో తెలుగువాళ్లూ ఉన్నారు. ఏ కంపెనీ అయినా 'ముందు టూరిస్టుగా రండి, తర్వాత చూద్దాం' అంటే, ఫోన్ అక్కడే పెట్టేయాలి.

ఆస్తి మాట కూడా ఒకటి చెప్పాలి. కువైట్‌లో ఉండగానే ఉదయగిరిలో రెండెకరాలు అమ్మాలన్నా తాకట్టు పెట్టాలన్నా రాయబార కార్యాలయంలో పవర్ ఆఫ్ అటార్నీ రాసి పంపుతారు. ఆ కాగితం మన దేశానికి చేరిన 3 నెలల్లోగా ఇక్కడ స్టాంపు డ్యూటీ కట్టాలి. దాన్ని బీరువాలో పెట్టి మరిచిపోతే రిజిస్ట్రేషన్ రోజున చిక్కొస్తుంది.

జిరాక్స్ షాపులో ఆమెకు ఇవన్నీ చెప్పే టైము లేదు, బస్సు కదలబోతోంది. ఇరవై అని చెప్పాను. కాసేపు మాట్లాడలేదు. "అయితే ఇంటి పనే గదన్నా" అంది. అవునన్నాను. జీతం ఎంత రాశారో వేలు పెట్టి చూపించాను, గడువు తేదీ చూపించాను. ఊళ్లో మొగుడు, పదో తరగతి చదివే కొడుకు ఉన్నారట. ఆమెకేమైనా అయితే విదేశాంగ శాఖ మదద్ పోర్టల్‌లో ఫిర్యాదు చేయాల్సింది వాళ్లే. పాస్‌పోర్టు నంబరు, కఫీల్ పేరు, ఫోన్ నంబరు లేకుండా ఆ ఫిర్యాదు ముందుకు కదలడం కష్టం.

వీసాకు రెండు కాపీలు, పాస్‌పోర్టు మొదటి పేజీకీ చివరి పేజీకీ రెండేసి తీయించాం. ఒక సెట్టు ఆమె కవరులోకి వెళ్లింది. రెండోదాని వెనక 1800 11 3090 అని పెద్ద అక్షరాలతో రాశాను. విదేశాంగ శాఖ ప్రవాసీ సహాయ కేంద్రం టోల్ ఫ్రీ నంబరు అది. "ఇది ఇంట్లోనే పెట్టుకోమ్మా, మీ అబ్బాయికి ఇయ్యి" అన్నాను. కాగితాన్ని మళ్లీ నాలుగు మడతలు పెట్టి, కవరులో వేయకుండా విడిగా చేతిలోనే పట్టుకుని మర్రిపాడు బస్సెక్కింది.