మీకు తెలుసా? బొగ్గుబాయి కడుపు నింపే ఇసుక

బహ్రెయిన్‌లోని జింజ్‌లో ఉండే మనవాళ్లకు చుట్టుపక్కల గనులేమీ కనపడవు. కానీ ఇసుకను సముద్రం అడుగునుంచి తోడిపోసి కట్టిన అమ్వాజ్ దీవులను ముహర్రఖ్ తీరాన చూసే ఉంటారు. అలాంటి పనే గోదావరిఖని బొగ్గుబాయిల్లో నేలకింద జరుగుతుంది. అక్కడ బొగ్గు తవ్వే సింగరేణి సంస్థలో దాన్ని స్టోవింగ్ అంటారు.

బొగ్గు తీసేశాక లోపల ఖాళీ మిగులుతుంది. పైన బంకర్‌లో ఇసుకను నీళ్లతో కలిపి గొట్టంలోకి వదిలితే, ఆ పల్లానికే అది జోరుగా కిందికి పరిగెడుతుంది, మోటారుతో పనిలేదు. ఖాళీ ముందు కట్టిన తడిక ఇసుకను ఆపి నీటిని వదిలేస్తుంది. అలా వడిసిన నీటిని మళ్లీ పైకి తోడుకుంటారు.

మరి ఆ ఇసుక కొండంత బరువును మోస్తుందా? మోయదు! 300 మీటర్ల లోతులో ప్రతి చదరపు మీటరు మీదా దాదాపు 700 టన్నుల రాయి ఉంటుంది. ఇసుక అంత గట్టిది కాదు, పైగా ఎంత నింపినా పైకప్పు దగ్గర కాస్త సందు మిగులుతూనే ఉంటుంది. దాని గొప్పంతా పక్కలను పట్టుకోవడంలోనే ఉంది. బియ్యం కుప్పగా పోస్తే జారిపోతాయి, గోనెసంచిలో పోసి మూతి కడితే పైన మనిషి కూర్చున్నా సంచి నిలుస్తుంది. పైకప్పును మోయడానికి తవ్వకుండా వదిలే బొగ్గు స్తంభమూ అంతే. పెచ్చులూడటం పక్కలనుంచే మొదలవుతుంది. చుట్టూ ఇసుక ఉంటే పెచ్చు పడేందుకు చోటు ఉండదు, స్తంభం నడుము వంగదు. పైనున్న ఊరో, రైలు పట్టాలో కుంగే ముప్పూ బాగా తగ్గుతుంది.

ఇంకో లాభం నిప్పు భయం తగ్గడం. లోపల మిగిలిన బొగ్గుకు గాలి తగిలితే దానంతటదే వేడెక్కి రాజుకుంటుంది, ఇసుక ఆ గాలిని చాలావరకు అడ్డుకుంటుంది. బ్రిటిష్ ఇండియాలో 1939లోనే స్టోవింగ్ కోసం ప్రత్యేక చట్టం తెచ్చారంటే, గనుల్లో మంటలూ కూలిపోవడాలూ ఎంత తిప్పలు పెట్టాయో ఊహించుకోవచ్చు.

ఖాళీలు నింపడం బొగ్గుబాయిల్లోనే కాదు. తెలుగువాళ్లు కూడా పనిచేసిన కోలార్ బంగారు గనులు 3 కిలోమీటర్లకు పైగా లోతు. అక్కడ ఖాళీల్లో గ్రానైట్ రాళ్లతో గోడలు పేర్చేవారు. అయినా ఆ లోతు ఒత్తిడికి రాయి ఉన్నట్టుండి పేలేది. ఈ రోజుల్లో చాలా లోహపు గనుల్లో ఖనిజం తీశాక మిగిలిన రాతిపిండికే సిమెంటు కలిపి మళ్లీ లోపలికి పంపుతున్నారు.

బాయిలు నింపేందుకు వాడే గోదావరి ఇసుకకు గిరాకీ పెరగడంతో సింగరేణి కూడా ఓపెన్‌కాస్ట్ గనుల్లో బొగ్గు మీదనుంచి తవ్విపోసిన మట్టీరాళ్లను దంచి, కడిగి, స్టోవింగ్‌కు ఇసుకగా వాడుతోంది.